తాళం లోపలి డ్యూటీ

భోజనాలయ్యాక చెంచాలు లెక్కపెడతారు. ఇంగ్లండ్‌లో గట్టి భద్రత ఉండే మానసిక వైద్యశాలల్లో రోజూ జరిగే తంతు ఇది. కత్తులు, ఫోర్కులు, చెంచాలు ఎన్ని బయటికి తీశారో అన్నీ పెట్టెలోకి తిరిగి చేరాలి. అప్పటిదాకా ఎవరూ డైనింగ్ హాలు దాటరు. ఒక్క చెంచా తగ్గినా వార్డంతా ఆగిపోయి వెతుకులాట మొదలవుతుంది. లెక్కపెడుతున్న నర్సు కళ్లు పెట్టె మీద ఉన్నా చెవులు మాత్రం బల్లల దగ్గరే ఉంటాయి. రోజూ ఫుట్‌బాల్ గురించి వాగే మనిషి ఇవాళ నోరు మెదపలేదేం? ఎప్పుడూ పక్కపక్కనే కూర్చునే ఇద్దరు బల్లలు మారారెందుకు? చెంచా తగ్గిందని లెక్క తెలిసిన ఎవరైనా చెబుతారు. బల్ల మారిందని గమనించాలంటే మాత్రం ఆ మనుషుల్ని నెలల తరబడి ఎరిగి ఉండాలి.

నేరం చేసి, ఆ సమయంలో మానసిక జబ్బుతో ఉన్నారని కోర్టు తేల్చినవాళ్లు, జైల్లో ఉండగా జబ్బు ముదిరినవాళ్లు, మామూలు వార్డుల్లో ఉంచడం ప్రమాదమని డాక్టర్లు అనుకున్నవాళ్లు ఈ ఆస్పత్రులకు వస్తారు. అన్నిటికన్నా పాతది బ్రాడ్‌మూర్. 1863లో బెర్క్‌షైర్‌లోని క్రోథార్న్ ఊరి పక్కన తెరిచారు. తర్వాత 1912లో రాంప్టన్ వచ్చింది, ఇంకా తర్వాత రెండు పాత ఆస్పత్రులు కలిసి ఆష్‌వర్త్ అయ్యాయి. హై సెక్యూరిటీ ఆస్పత్రులు ఇంగ్లండ్ మొత్తానికి ఈ మూడే. ప్రాంతాల వారీగా కాస్త తక్కువ కట్టుదిట్టం ఉండే యూనిట్లు కూడా పెట్టాలని 1970ల్లో బట్లర్ కమిటీ చెప్పాక, మీడియం సెక్యూర్, లో సెక్యూర్ యూనిట్లు వెలిశాయి.

బ్రాడ్‌మూర్‌కి మన చట్టంతో ఒక చుట్టరికం ఉంది. 1843లో డేనియల్ మెక్‌నాటన్ అనే ఆయన, బ్రిటిష్ ప్రధాని అనుకుని ఆయన కార్యదర్శిని కాల్చి చంపాడు. మతి స్థిమితంలో లేడని కోర్టు శిక్ష వేయకుండా ఆస్పత్రికి పంపింది. ఆ కేసు మీద రేగిన గొడవలోంచి పుట్టిన సూత్రాలే మన శిక్షాస్మృతిలో సెక్షన్ 84 అయ్యాయి, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 22గా ఉన్నాయి. మెక్‌నాటన్‌ని 1864లో బ్రాడ్‌మూర్‌కి మార్చారు, మరుసటి ఏడాది పోయాడు. లా కాలేజీల్లో ఆయన పేరు తెలియనివాళ్లుండరు. ఆయనకు పూటపూటా అన్నం పెట్టి, రాత్రుళ్లు కనిపెట్టుకుని ఉన్న అటెండెంట్ల పేర్లు ఎవరికీ పట్టలేదు. ఆ పనిలో ఉన్నవాళ్ల సంగతి ఎప్పుడూ అంతే.

ఈ ఆస్పత్రుల్లో భద్రత మూడు రకాలని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఒకటి గోడలు, తాళాలు, కెమెరాలు. రెండోది నియమాలు: చెంచాల లెక్క, సోదాలు, సెల్‌ఫోన్లు గేటు దగ్గరే వదిలెయ్యడం. మూడోది మనుషుల మధ్య ఎరుక. పేషెంటుని సిబ్బంది ఎంత బాగా ఎరుగుదురు, పేషెంటు వాళ్లని ఎంత నమ్ముతాడు అన్నది. ఇంగ్లండ్ ఆరోగ్య శాఖ 2010లో ఈ మూడో రకం మీదే ‘సీ, థింక్, యాక్ట్’ అని ఒక చిన్న పుస్తకం వేసి వార్డుల్లో పంచింది. గోడ కట్టడానికి కాంట్రాక్టరు చాలు. మూడో భద్రతకి కావలసిన సరుకు ఒక్కటే, నర్సు మనసు. అది అలిసిపోతే గోడ పగుళ్లిచ్చినట్టే లెక్క. అందుకే వీళ్ల ఒత్తిడిని సిబ్బంది సంక్షేమం అనే పద్దు కింద రాసి పక్కన పెట్టడం పెద్ద పొరపాటని నా అభిప్రాయం. అది భద్రత పద్దులోకి రావాలి.

బయటివాళ్లకు తీరుబడిగా కనిపించే పని ఒకటుంది. ఒక పేషెంటు తనకు తాను హాని చేసుకోవచ్చని అనుమానం ఉంటే, ఒక మనిషిని అతని దగ్గర కూర్చోబెడతారు. కొన్నిసార్లు చెయ్యి చాపితే అందేంత దగ్గరగా. అర్ధరాత్రి గది తలుపు ఓరగా తెరిచి ఉంటుంది, లోపల మసక వెలుతురు. దుప్పటి లేచి దిగుతోందా లేదా? చేతులు కనబడుతున్నాయా? మెడ దాకా దుప్పటి కప్పుకుంటే కింద ఏం జరుగుతోందో తెలియదు, అలాగని లేపితే నిద్ర చెడగొట్టినందుకు తిడతాడు. కూర్చున్నవాళ్లకు పుస్తకం, ఫోను, కబుర్లు ఏవీ ఉండవు. నిర్ణీత వ్యవధికోసారి చూసింది రాసి సంతకం పెట్టాలి. ఆ పని ఎక్కువగా పడేది జీతం తక్కువగా ఉండే హెల్త్‌కేర్ అసిస్టెంట్ల మీద. ‘ఊరికే కూర్చోవడమేగా’ అని ఇంట్లోవాళ్లు కూడా అంటారు.

ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో నార్మన్ మాక్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1940ల్లోనే కొలిచి చూపించాడు. రాడార్ తెర ముందు కూర్చుని సబ్‌మెరైన్ల జాడ కోసం చూసే బ్రిటిష్ వైమానిక దళం ఆపరేటర్లు, కాసేపయ్యాక తెర మీద చుక్క కనిపించినా పట్టుకోలేకపోతున్నారు. ఎందుకని? మాక్‌వర్త్ అంకెల్లేని ఒక గడియారం చేయించాడు. ముల్లు సెకనుకో అడుగు చొప్పున జరుగుతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం ఒకేసారి రెండడుగులు వేస్తుంది. అది కనిపించగానే మీట నొక్కాలి. రెండు గంటలు ఇదే పని. మొదటి అరగంట దాటేసరికే జనం ముల్లు గంతుల్ని వదిలేయడం మొదలుపెట్టారు. 1948లో అచ్చయిన ఆ ఫలితం తర్వాత ఎన్ని రకాలుగా పరీక్షించినా నిలబడింది. ఏమీ జరగని చోట కళ్లప్పగించి కూర్చోవడం మెదడుకు విశ్రాంతి అని చాలాకాలం అనుకున్నారు. వార్మ్, పరశురామన్, మాథ్యూస్ అనే ముగ్గురు పరిశోధకులు 2008లో అప్పటిదాకా వచ్చిన ఆధారాలన్నీ కూర్చి, అది మెదడుతో గొడ్డుచాకిరీ చేయించే పనే, మనిషిని కుంగదీసే పనే అని తేల్చారు. కాపలా మనిషిని గంటా రెండు గంటలకోసారి మార్చాలనే పద్ధతి వెనక ఉన్న సైన్సు ఇది. మనుషులు తక్కువైన రాత్రి మొదట ఎగిరిపోయే పద్ధతి కూడా ఇదే.

మాక్‌వర్త్ గడియారంలో ముల్లు తప్పిపోతే కాగితం మీద ఒక మార్కు తగ్గుతుంది. ఇక్కడ తప్పిపోయేది ఊపిరి.

నిశ్శబ్దం ఒక రకం బరువైతే, అలారం ఇంకో రకం. ఈ ఆస్పత్రుల్లో సిబ్బంది నడుముకి బెల్టు, దానికి గొలుసుతో తాళంచెవులు, పక్కన చిన్న అలారం ఉంటాయి. ఎక్కడో ఎవరో ఆ మీట నొక్కితే పక్క వార్డుల్లోంచి కూడా మనుషులు పరుగెత్తుకొస్తారు. ఆ పరుగులో శరీరం లోపల జరిగేది బళ్లో చదువుకున్నదే. అడ్రినలిన్ క్షణాల్లో పొంగుతుంది, గుండె దడదడలాడుతుంది, కండరాలకు రక్తం పోటెత్తుతుంది. దాని వెనకే నిదానంగా రెండో వరస కదులుతుంది. మెదడులోని హైపోథలమస్ పిట్యూటరీ గ్రంథికి కబురు పెడుతుంది, అది మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులకు చెబుతుంది, అవి కార్టిసాల్ విడుదల చేస్తాయి. ఈ కార్టిసాల్ శిఖరానికి చేరేది గొడవ మొదలైన ఇరవై, ముప్పై నిమిషాలకు. అంటే గొడవ సద్దుమణిగి, నర్సు వార్డుకి తిరిగొచ్చి, వేరే పేషెంటుకి మాత్రలిస్తున్న సమయానికి ఆమె ఒంట్లో అది నిండుగా ఉంటుంది. తర్వాత దిగడానికి గంట, అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. ఈలోగా ఇంకో అలారం మోగితే?

బ్రూస్ మెక్‌ఎవెన్, ఎలియట్ స్టెల్లర్ అనే పరిశోధకులు 1993లో ఈ ప్రశ్నకే ఒక చట్రం ఇచ్చారు. ఒత్తిడికి శరీరం స్పందించడంలో తప్పేమీ లేదు, అది మనల్ని కాపాడేదే. ఆపవలసిన వేళకి ఆగకపోవడంలోనే నష్టం. ట్యాంకు నిండాక కూడా మోటారు కట్టేయకపోతే నీళ్లూ పోతాయి, మోటారూ కాలుతుంది. అలా ఏళ్ల తరబడి పేరుకునే అరుగుదలని వాళ్లు ‘అలోస్టాటిక్ లోడ్’ అన్నారు. రక్తపోటు, నడుం చుట్టూ కొవ్వు, నిద్రలేమి, జ్ఞాపకశక్తి మందగించడం ఈ లెక్కలోకే వస్తాయి. పన్నెండు గంటల షిఫ్టులు, వారంలో రెండు పగళ్లు, రెండు రాత్రుళ్లు అంటూ మారే రోస్టరు దీనికి తోడు. కార్టిసాల్‌కి తనదైన దినచర్య ఉంది, తెల్లవారుజామున లేచి రాత్రికి పడుకుంటుంది. రాత్రి డ్యూటీ దాన్ని రెండు పక్కలా చెడగొడుతుంది. ఈ అరుగుదల అలారాల లెక్కను బట్టే ఉండదన్నది గమనించాలి. ఎప్పుడైనా మోగవచ్చనే ఎదురుచూపు కూడా మోటారు తిప్పుతూనే ఉంటుంది. డ్యూటీ దిగాక కూడా హోటల్లో గోడకి వీపు ఆనేలా, తలుపు కనబడేలా కుర్చీ వెతుక్కునే అలవాటు ఈ ఉద్యోగంలో చాలామందికి అబ్బుతుంది.

అయితే ఒంటి సంగతితో కథ అయిపోదు. ఈ వార్డుల్లో ప్రతి పేషెంటుకీ ఒక ఫైలు ఉంటుంది. కొత్తగా చేరిన నర్సు అది చదవాలి, చదవకుండా అతనికి ఏ ప్రమాదం ఉందో, అతని వల్ల ఎవరికి ప్రమాదమో తెలియదు. అందులో అతను చేసిన పని పూర్తిగా ఉంటుంది. ఒక్కోసారి చిన్నపిల్లల మీద చేసినది. పొద్దున ఫైలు చదివిన మనిషే పది గంటలకు అతనికి టీ కలిపి ఇవ్వాలి, నిద్ర పట్టిందా అని అడగాలి. ఆ అడగడంలో నటన కనబడకూడదు.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో ఇలాంటి పనికి ‘ఎమోషనల్ లేబర్’ అని పేరు పెట్టింది. ఆమె ముఖ్యంగా చూసింది రెండు ఉద్యోగాల్ని. విమానంలో నవ్వుతూ పలకరించే ఎయిర్ హోస్టెస్‌లు ఒక కొస, గద్దించి బాకీలు వసూలు చేసే ఏజెంట్లు ఇంకో కొస. ఒకరు ఎదుటివాడి మనసు తేలిక పరచాలి, ఇంకొకరు భయపెట్టాలి. ఇద్దరికీ సొంత మనసు పక్కన పెట్టక తప్పదు. సెక్యూర్ వార్డులో నర్సు ఈ రెండు ఉద్యోగాలూ ఒకే గంటలో, ఒకే మనిషి దగ్గర చేస్తుంది. ఇప్పుడే అతని బాధ విని ఓదార్చింది. ఇంకాసేపట్లో అతని గది సోదా చెయ్యాలి. నలుగురితో కలిసి అతని చేతులు పట్టుకోవలసి రావచ్చు. మరునాడు మళ్లీ ‘గుడ్ మార్నింగ్’ చెప్పాలి, అతను బదులు చెప్పేలా ఉండాలి.

ఇది మనుషుల్ని ఎటు నెడుతుందో చూసినవాళ్లలో టామ్ మెయిన్‌ని నేను మొదట చెబుతాను. లండన్ దగ్గర కాసెల్ హాస్పిటల్‌లో సైకియాట్రిస్టు. తాళాల ఆస్పత్రి కాదది. 1957లో ఆయన అచ్చు వేసిన వ్యాసం మాత్రం ఇప్పటికీ సెక్యూర్ ఆస్పత్రుల శిక్షణల్లో చదివిస్తారు. నర్సులతో కూర్చుని ఆయన మాట్లాడాడు. మొదట మత్తు మందుల గురించి. పేషెంటుకి అవసరమైనప్పుడే ఇచ్చామని అందరూ అన్నారు. మాటలు సాగేకొద్దీ అసలు సంగతి బయటపడింది. మందు ఇచ్చిన క్షణం, దాదాపు ప్రతిసారీ, నర్సు ఓపిక నశించిన క్షణమే. నిద్ర కావలసింది నర్సుకి, మాత్ర మింగింది పేషెంటు. తర్వాత ఇంకోటి తేలింది. కొందరు పేషెంట్లు వచ్చాక సిబ్బంది రెండుగా చీలిపోతున్నారు. ఈమెను మనమే అర్థం చేసుకోగలం అనే జట్టు ఒకటి, వీళ్లు బొత్తిగా మోసపోతున్నారు అనుకునే జట్టు ఇంకొకటి. పేషెంటు డిశ్చార్జి అయి వెళ్లిపోయాక కూడా ఆ రెండు జట్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. మెయిన్ గొప్పతనం ఏమిటంటే, దీన్ని నర్సుల తప్పుగా రాయలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇసబెల్ మెంజీస్ అనే మనోవిశ్లేషకురాలు లండన్‌లోని ఒక పెద్ద జనరల్ ఆస్పత్రిని పరిశీలించింది. అక్కడ నర్సుల్ని తరచూ వార్డులు మారుస్తున్నారు, పేషెంట్లని మంచం నంబరుతోనో జబ్బు పేరుతోనో పిలుస్తున్నారు, చిన్న చిన్న నిర్ణయాలు కూడా పైవాళ్లకి పంపుతున్నారు. ఇదంతా సోమరితనం అనుకోవచ్చు. చావుబతుకుల మధ్య ఉన్న మనుషుల్ని రోజూ ముట్టుకునే భయాన్ని తగ్గించుకోవడానికి ఆస్పత్రి మొత్తం తనకు తెలియకుండానే కట్టుకున్న కంచె అని ఆమె చూసింది. మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టినా మాస్లాక్ 1981లో బర్న్‌అవుట్‌ని కొలిచే ప్రశ్నావళి తయారు చేసినప్పుడు, దాని మూడు ముఖాల్లో ఒకటి అచ్చంగా ఇదే: ఎదుటి మనిషి మనిషిగా కనిపించకపోవడం. మిగతా రెండూ, మనసు పూర్తిగా ఇంకిపోవడం, నా పనికి విలువేమీ లేదనిపించడం.

మామూలు ఆస్పత్రిలో ఈ కంచె వల్ల పేషెంటు మనసు నొచ్చుకుంటుంది. సెక్యూర్ వార్డులో అది నేరుగా ప్రమాదం. ‘ఆరో గది’ అని మాత్రమే తెలిసిన నర్సుకి ఆరో గది మనిషి బల్ల మారాడన్న సంగతి కనబడదు. మొదట చెప్పిన మూడో భద్రత జారిపోయేది ఇక్కడే. పేషెంటుని దగ్గరగా ఎరగడం వల్లే నర్సు అలిసిపోతుంది, అలిసిపోయి దూరం జరిగితే వార్డుకి ముప్పు. దీనికి తేలికైన విరుగుడు లేదు.

ఇక్కడ పాఠకుడు ఒకటి ఊహించుకుని ఉంటాడు: వీళ్లని అన్నిటికన్నా కుంగదీసేది దెబ్బలు, బెదిరింపులు అయి ఉంటాయి అని. ఫోరెన్సిక్ మానసిక నర్సింగ్‌లో ఒత్తిడి మీద వచ్చిన పరిశోధనల్ని 2008లో ఒక సమీక్ష కూర్చి చూస్తే, ప్రధాన కారణాలుగా తేలినవి వేరే: వేర్వేరు వృత్తుల వాళ్ల మధ్య తగవులు, పని భారం, నిర్ణయాల్లో తమ మాట లేకపోవడం. దెబ్బ తిన్నవాళ్లకు దెబ్బ చిన్నదేమీ కాదు. కానీ దెబ్బ ఎప్పుడో ఒకసారి పడుతుంది. మాట లేకపోవడం రోజూ పడే దెబ్బ. స్వీడన్, అమెరికా కార్మికుల సమాచారంతో రాబర్ట్ కరాసెక్ 1979లో చెప్పినదీ ఇదే. పని ఎక్కువగా ఉండడం ఒక్కటే మనిషిని కూలదొయ్యదు. పని ఎక్కువ, పని మీద పట్టు తక్కువ అయినప్పుడు కూలిపోతాడు. వారమంతా పేషెంటుతో గడిపిన హెల్త్‌కేర్ అసిస్టెంట్‌ని, వారానికోసారి డాక్టర్లు కూర్చునే సమావేశానికి పిలవని చోటు ఊహించుకోండి. ఆ పేషెంటుని బయటికి పంపాలా వద్దా అని అక్కడ నిర్ణయిస్తారు. నిర్ణయం సంగతి ఆమెకు షిఫ్టు మారేటప్పుడు జరిగే హ్యాండోవర్‌లో తెలుస్తుంది.

తేరుకునే శక్తి గురించి ఈ మధ్య ఎక్కడ చూసినా మాటలే. సిబ్బంది అలిసిపోతున్నారని తెలియగానే యాజమాన్యాలు ధ్యానం యాప్, యోగా తరగతి, ఒత్తిడిని ఎదుర్కోవడంపై ఒక పూట వర్క్‌షాపు ఏర్పాటు చేస్తాయి. వాటిలో తప్పేమీ లేదు, నేను యోగాకి శత్రువునీ కాను. ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన విలియం ఫ్లెమింగ్ 2024లో బ్రిటన్‌లోని 233 సంస్థల్లో 46,336 మంది ఉద్యోగుల సమాచారం చూశాడు. ఇలాంటి కార్యక్రమాల్లో పాల్గొన్నవాళ్లకీ పాల్గొననివాళ్లకీ మనసు ఆరోగ్యంలో తేడా దాదాపు కనిపించలేదు. ఒకే సమయంలో తీసిన లెక్క కాబట్టి అదే తుది తీర్పు అనకూడదు. కానీ పని మార్చకుండా మనిషిని మార్చడానికి పెట్టే ఖర్చుని సందేహించడానికి అది చాలు.

గొడవ జరిగాక ఏం చెయ్యాలన్న విషయంలో సైన్సు తన మాట తాను వెనక్కి తీసుకున్న ఒక ఉదంతం ఉంది. 1980, 90ల్లో ప్రమాదం జరిగిన వెంటనే అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, జరిగినదంతా, అప్పుడు కలిగిన భావాలన్నీ చెప్పించడం ఆనవాయితీగా ఉండేది. మంచి ఉద్దేశమే. రోజ్, బిసన్, వెస్లీ అనే పరిశోధకులు 2002లో ఆ పద్ధతి మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, ఒక్క సిటింగ్‌తో చేసే ఈ పద్ధతి తర్వాతి మానసిక గాయాన్ని ఆపడం లేదు, కొందరికి కీడు కూడా చేస్తోంది. బ్రిటన్ మార్గదర్శకాలు దాన్ని మానుకోమన్నాయి. ఘోరాల తర్వాత ఎక్కువమంది ఏ చికిత్సా లేకుండానే నిలదొక్కుకుంటారని మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ బొనానో 2004లో రాసినది దీనికి జత కలుస్తుంది. నిలదొక్కుకోవడం అరుదైన గుణం కాదు, మామూలు సంగతి. దాని దారికి అడ్డం పడకుండా ఉండాలి, పడిపోతున్నవాళ్లని తొందరగా గుర్తుపట్టాలి. బ్రిటిష్ నావికాదళపు రాయల్ మెరైన్స్‌లో మొదలై తర్వాత ఆస్పత్రులకు కూడా వచ్చిన ‘ట్రిమ్’ పద్ధతి ఈ ఆలోచన మీదే నడుస్తుంది. శిక్షణ పొందిన సహోద్యోగి కొన్ని రోజుల తర్వాత ఒకసారి, నెల తర్వాత మరోసారి కూర్చుని ఎలా ఉన్నావని కుదురుగా అడుగుతాడు. మనసు విప్పి చూపించమని ఒత్తిడి పెట్టడు.

ఇక వార్డునే మార్చే పద్ధతుల దగ్గరికి వద్దాం. నార్వేలో ట్రాండ్‌హైమ్‌లోని బ్రోసెట్ సెక్యూర్ యూనిట్‌లో పుట్టిన ఒక చిన్న పట్టిక ఉంది. ఆరే అంశాలు: అయోమయం, చిరాకు, గోల, నోటి బెదిరింపు, ఒంటితో బెదిరింపు, వస్తువుల మీద దాడి. షిఫ్టుకోసారి టిక్కు పెట్టాలి, ఎక్కువసేపు పట్టదు. స్విట్జర్లాండ్‌లో మామూలు అక్యూట్ వార్డుల్లో, అంటే జబ్బు ముదిరినప్పుడు చేర్చే వార్డుల్లో, దీన్ని వాడి చూసిన పరీక్ష 2008లో అచ్చయింది. తీవ్రమైన దాడులు 41 శాతం తగ్గాయి. నర్సుకి ముందే తోచినదాన్ని అంకెగా మార్చి, డాక్టరు ముందు నిలబడి మాట్లాడే ధైర్యం ఇచ్చిందని నాకనిపిస్తుంది. కరాసెక్ చెప్పిన పట్టు అంటే అదే కదా.

బ్రిటన్‌లో లెన్ బవర్స్ బృందం చేసిన ‘సేఫ్‌వార్డ్స్’ పరీక్ష 2015లో వచ్చింది. 15 ఆస్పత్రుల్లో 31 వార్డులు. అవీ అక్యూట్ వార్డులే, సెక్యూర్ కావు. ఆ తేడా మరిచిపోకూడదు. సగం వార్డులకి పది చిన్న మార్పులు ఇచ్చారు. మిగతా వార్డులకి ఏమిచ్చారో తెలుసా? సిబ్బంది ఆరోగ్యం బాగుచేసే కార్యక్రమం! అంటే అనుకోకుండా ఒక పక్క వార్డు పద్ధతి, ఇంకో పక్క సిబ్బంది వెల్‌నెస్, రెండూ ఎదురెదురుగా నిలిచాయి. పద్ధతి మార్చిన వార్డుల్లో గొడవలు 15 శాతం, కట్టడి చర్యలు 26.4 శాతం తక్కువగా జరిగాయి. కట్టడి అంటే పట్టుకోవడం, విడి గదిలో ఉంచడం, బలవంతపు మందులు, కాపలా పెంచడం లాంటివి.

ఆ పది మార్పుల్లో ఒకటి చెడు కబురు గురించినది. ఒక ఉదాహరణ చూడండి. కోర్టు ఆంక్షలతో ఉన్న పేషెంటుని కాసేపు బయటికి తీసుకెళ్లాలన్నా న్యాయ మంత్రిత్వ శాఖ అనుమతి కావాలి. నెలల తరబడి ఎదురుచూశాక ఒక మధ్యాహ్నం ఉత్తరం వస్తుంది: వీల్లేదని. ఆ ఉత్తరం ఎవరి చేతికొస్తే వాళ్లు చదివి, నడవాలో ఎదురైన పేషెంటుతో ఆ మాట అనేసి, డ్యూటీ దిగి వెళ్లిపోవడం ఒక పద్ధతి. రాత్రి షిఫ్టు ఏమీ తెలియకుండా వస్తుంది, ఎనిమిదింటికి కుర్చీ ఎగురుతుంది. ఇంకో పద్ధతిలో ఉత్తరం రాబోతోందని ముందే వార్డులో అందరికీ తెలుసు. అతనికి దగ్గరైన నర్సు ఎవరో చూసి ఆమె డ్యూటీలో ఉన్న పూటే చెబుతారు. నిలబడి కాకుండా కూర్చుని, తలుపు వేసి, తర్వాత టీ ఇచ్చి, మళ్లీ దరఖాస్తు ఎప్పుడు పెట్టవచ్చో తేదీతో సహా చెబుతారు. రాత్రి షిఫ్టుకి హ్యాండోవర్‌లో మొదటి మాట అదే. ఖర్చు ఏమీ లేదు. కావలసింది ఆ నర్సు ఆ వారంలో నాలుగు సార్లైనా ఆ వార్డులోనే డ్యూటీలో ఉండడం.

మార్పుల్లో ఇంకోటి, సిబ్బందీ పేషెంట్లూ తమ గురించి ఇబ్బంది లేని నాలుగు ముక్కలు రాసి వార్డులో అందరికీ అందుబాటులో పెట్టడం. ఇష్టమైన జట్టు, వంట, పాట. హాస్యాస్పదంగా కనిపిస్తుంది. కానీ పేషెంటుని ‘ఆరో గది’ కానివ్వదు, నర్సుని ‘యూనిఫాం’ కానివ్వదు.

కట్టడి తగ్గడం పేషెంటుకే మేలు అనుకోకండి. నార్విచ్‌లోని ఒక మీడియం సెక్యూర్ క్లినిక్‌లో 1998లో డేవిడ్ బెన్నెట్ అనే పేషెంటుని బోర్లా పడుకోబెట్టి ఇరవై నిమిషాలకు పైగా నొక్కిపెట్టారు. చనిపోయాడు. 2010లో లండన్ బెత్లెం ఆస్పత్రిలో పోలీసులు నొక్కిపెట్టిన ఒలసేని లూయిస్ కూడా బతకలేదు. ఆయన పేరు మీదే 2018లో బలప్రయోగాన్ని నియంత్రించే చట్టం వచ్చింది. అలాంటి రాత్రుల్లో గదిలో ఉన్న ప్రతి నర్సూ, చెయ్యి వేసినా వెయ్యకపోయినా, దాన్ని ఇంటికి మోసుకెళుతుంది.

మాట్లాడుకోవడానికి చోటు ఇవ్వడం కూడా పని చేస్తుంది, బలవంతం లేనప్పుడు. క్యాన్సర్‌తో 1995లో పోయిన బోస్టన్ లాయరు కెన్నెత్ ష్వార్ట్జ్ పేరుతో మొదలైన ష్వార్ట్జ్ రౌండ్లు 2009లో బ్రిటన్‌కి వచ్చాయి. నెలకోసారి, డాక్టరు నుంచి వంటమనిషి దాకా ఎవరైనా రావచ్చు. పరిష్కారాలు వెతకరు. ఒక పేషెంటు తమ మీద వేసిన ముద్ర గురించి ఇద్దరు ముగ్గురు చెబుతారు, మిగతావాళ్లు వింటారు. ఇంగ్లండ్‌లో జరిగిన అధ్యయనంలో క్రమం తప్పకుండా వచ్చినవాళ్లలో మానసికంగా కుంగి ఉన్నవాళ్లు 25 శాతం నుంచి 12 శాతానికి తగ్గారు. రానివాళ్లలో పెద్దగా మార్పు లేదు. డ్యూటీలో వార్డు వదిలి గంటసేపు రావాలంటే ఆ గంట వార్డు చూసుకోవడానికి ఇంకో మనిషి ఉండాలి. అన్ని దారులూ రోస్టరు దగ్గరికే వస్తాయి.

ఇంగ్లండ్ వార్డుల్లో ఖాళీ షిఫ్టుల్ని ఏజెన్సీ నుంచి తెచ్చిన మనుషులతో నింపుతారు. ఏజెన్సీ నర్సు చదువుకున్నదే, చేతనైనదే. కానీ ఆ రాత్రి ఆమెకు వార్డులో ఒక్క పేరూ తెలియదు. దాంతో పాత నర్సు పేషెంట్లతో పాటు ఈ కొత్త మనిషినీ కనిపెట్టుకుని ఉండాలి. తలకాయల లెక్కలో వార్డు నిండుగానే ఉంటుంది.

మన దగ్గర ఈ చర్చ ఇంకా మొదలే కాలేదు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల అనగానే సినిమాల పుణ్యమా అని అందరికీ నవ్వొస్తుంది. అక్కడ ఉద్యోగం చేస్తున్నానని పెళ్లిచూపుల్లో చెప్పడానికి జంకే నర్సులుంటారు. ఆ ఆస్పత్రిలో ఖైదీ పేషెంట్లకూ వార్డు ఉంది. మామూలు పేషెంటుకైతే తోడుగా తల్లో అన్నో ఉండి, ‘నిన్నట్నుంచి తిండి తినట్లేదు సిస్టర్, వాలకం బాలేదు’ అని చెబుతారు. మన వార్డుల్లో మూడో భద్రత చాలావరకు ఇంటివాళ్ల చేతిలోనే నడుస్తోంది. ఖైదీ పేషెంటుకి ఆ మనిషి ఉండడు, ఎస్కార్టు కానిస్టేబుల్ ఉంటాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, సెక్షన్ 103లో, ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక ఆరోగ్య కేంద్రం పెట్టాలని చెప్పింది. వాటిలో ఎన్ని మంచాలు, ఎందరు సైకియాట్రిస్టులు అన్న లెక్కలు ఫైళ్లలో తిరుగుతాయి. అందులో రాత్రి కూర్చునే అటెండెంటు ఔట్‌సోర్సింగ్ కాంట్రాక్టు మీద వస్తాడా, టెండరు మారినప్పుడల్లా మారిపోతాడా, లేక పేషెంటు పేరు, ఊరు, ఏం తింటాడో తెలిసేంతకాలం అక్కడ ఉంటాడా అన్నది ఆ ఫైల్లో ఏ గడిలో రాయాలో ఇంకా ఎవరూ అనుకోలేదు.